బాబాయి మంచం పక్కన వీడియో గేమ్ పెట్టె

మొన్న మా హాల్లో ఫ్యాను చచ్చీ చెడీ తిరుగుతుంటే ఎలక్ట్రీషియన్ని పిలిచాం. స్టూలెక్కి, లోపల్నుంచి చిన్న డబ్బా ఒకటి ఊడబీకి, "కండెన్సర్ పోయిందమ్మా, ముసలిదైపోయింది" అన్నాడు. కొత్తది బిగించి స్విచ్ వెయ్యబోతుంటే నాకు తెలియకుండానే మొహం పక్కకి తిప్పేసుకున్నాను. "భయమా మేడమ్?" అని నవ్వాడు. అది నిజానికి మా బాబాయి భయం. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆ భయం మాత్రం ఎలాగో నా దగ్గర ఉండిపోయింది.

అప్పుడు మేం ఇనుప గనుల ఊరైన కిరందుల్లో ఉండేవాళ్లం. నాన్న రైల్వేలో పనిచేసేవాడు, నేను టౌన్‌షిప్ బడిలో కొత్తగా టీచరునయ్యాను. కొండ మీది ఇనుపరాయి గూడ్సుబళ్లెక్కి విశాఖపట్నం వెళ్లిపోయేది, దాని ధూళి మాత్రం మాకు మిగిలేది. తెల్ల చీర కొనే ధైర్యం ఊళ్లో ఎవరికీ లేదు. రుబ్బిన పిండి మీద మూత పెట్టడం మరిచిపోతే మర్నాడు ఇడ్లీలు లేత గులాబీ రంగులో దిగేవి. వాటికి అమ్మ 'మైనింగ్ ఇడ్లీ' అని పేరు పెట్టింది. అమ్మ చెల్లెలు, అంటే మా పిన్ని, అదే ఊళ్లో ఉండేది. నాకంటే కొద్ది ఏళ్లే పెద్ద. బాబాయికి బజార్లో టీవీ రిపేరు కొట్టు. పక్క గదిలో విశాఖపట్నం నుంచి తెచ్చిన పాత వీడియో గేమ్ పెట్టె ఉండేది. బీరువాలా నిలువుగా, ముందు బొత్తాలూ కర్రా, పైన అద్దం వెనక టీవీ. షిఫ్టు దిగిన ఆపరేటర్లు, కొండని తవ్వే మెషీన్లు నడిపే మనుషులు, నెత్తిన హెల్మెట్ కూడా తియ్యకుండా దాని ముందు నిలబడి చిన్నపిల్లల్లా కేకలు పెట్టేవాళ్లు.

బాబాయి మాటకారి. తెలుగులో మొదలుపెట్టి హిందీలోకి దూకి, అక్కడి అడవిజనం మాట్లాడే హల్బీలో ఒక బూతుతో ముగించేవాడు. ఎవరినైనా అనుకరించి చూపించగలడు. తాగుడు వల్ల చేతులు వణికేవి, అందుకని సోల్డరింగ్ పనంతా పిన్నే చేసేది. ఆ పెట్టెలో బొమ్మ తరచూ రెండు పక్కలా లోపలికి వంగిపోయేది, కుంచించుకుపోయేది. టీవీ వెనక ఉండే సర్క్యూట్ చట్రాన్ని చాసిస్ అంటారు. దాన్ని బయటికి తీసి, బ్రష్షుతో ఎర్ర ధూళి దులిపి, పాడైన కండెన్సర్లు మార్చేది పిన్ని. చిన్న చిన్న గొట్టాల్లా ఉంటాయవి. ఒక పక్క చార ఉంటుంది, అది మైనస్ వైపు. తిరగేసి పెడితే కరెంటు తగలగానే ఉబ్బి పేలతాయి. ఇదంతా నాకు చెప్పింది కూడా పిన్నే.

ఒక మధ్యాహ్నం కొట్టు నిండా బాబాయి స్నేహితులున్నారు. పిన్ని పని ముగించి, వాళ్లకి టీ కలపడానికి లోపలికి వెళ్లింది. బాబాయి అందరికీ కన్నుగీటి, ఆమె అతికించిన పెద్ద కండెన్సర్ ఒకటి ఊడదీసి తిరగేసి అంటించాడు. ఆ పనికి మాత్రం చేతులు వణకలేదట. పిన్ని టీ గ్లాసులతో రాగానే, "ఏటే, అలా నిలబడ్డావ్? వెనక వంగి చూడు, లైటొస్తందో నేదో" అన్నాడు. ఆమె వంగింది. ఆయన స్విచ్ వేశాడు.

టపాకాయ చప్పుడు రైల్వే క్వార్టర్ల దాకా వినపడిందన్నారు. పిన్ని ఎడమ కంటి నల్లగుడ్డు మీద తెల్ల పొర మిగిలింది, ఆ కంటికి ఇంక వెలుతురు తప్ప మరేమీ ఆనలేదు. ఆస్పత్రిలో బాబాయి, "చూసుకోకుండా తిరగేసి పెట్టేసింది సార్" అని డాక్టరుకి చెప్పాడు. పిన్ని తలూపింది. అంతకంటే ఘోరం తర్వాత జరిగింది. అదొక కథయిపోయింది. పెళ్లిళ్లలో, పుట్టినరోజుల్లో, ఎవరింటికి వెళ్లినా "ఆ పేలుడు కథ చెప్పండి గురూ" అనేవాళ్లు. బాబాయి లేచి నిలబడి, పిన్ని ఎలా వంగిందో, ఎలా ఎగిరిపడిందో, కన్ను మూసుకుని ఎలా గిరగిరా తిరిగిందో అన్నీ చేసి చూపించేవాడు. పిన్ని అదే గదిలో పకోడీలు అందిస్తూ ఉండేది. ఒకసారి మా అమ్మ పళ్లెం నేలకేసి కొట్టి లేచిపోయింది. "సరదాకి వదినా" అన్నాడాయన.

ఇళ్లల్లోకే గేములు వచ్చాక ఆ పెట్టె మూలపడింది. నేను పెళ్లయి జగదల్‌పూర్ వెళ్లిపోయాను. కొన్నేళ్లకి బాబాయికి పక్షవాతం వచ్చి కాలూ చెయ్యీ పోయాయి. మాట కూడా పోయింది. అంతటి మాటకారికి 'బా, బా' అన్న శబ్దమొక్కటే మిగిలింది.

దసరా సెలవులకి చూడ్డానికి వెళితే, ఆయన మంచం పక్కన నేల మీద పాత చీర పరిచి, దాని మీద ఆ పాత గేమ్ పెట్టె చాసిస్ పెట్టుకుని కూర్చుంది పిన్ని. టీవీ గొట్టంలో మిగిలిపోయిన కరెంటుని స్క్రూడ్రైవరుతో దించితే 'టక్' మని చిన్న చప్పుడు. బాబాయి రెప్పలు అదిరాయి.

"ఇప్పుడిదెందుకు పిన్నీ?"

"మీ బాబాయికి కాలక్షేపం. రోజంతా గోడకేసి చూస్తన్నారు పాపం."

"ఇన్నేళ్లు వాడనిది పనిచేస్తుందా?"

"కండెన్సర్లన్నీ మార్చాలి. వాడకపోయినా లోపల ఎండిపోతాయి పాపా. ఊరికే కూర్చున్నా వయసు ఆగదు కదా."

పాతవి ఒక్కొక్కటీ పీకి పక్కన పడేస్తోంది. కొన్నిటి నెత్తి ఉబ్బింది, కొన్నిటి కింద గోధుమరంగు జిగురు. ఆ జిగురు వాసనకి గదంతా చేపల కంపు. కొత్తదాన్ని మంచి కంటికి దగ్గరగా పెట్టుకుని, చార ఏ పక్కనుందో చూసి, కాళ్లు దూర్చి అతికిస్తోంది. చివరగా పెద్దది ఒకటి మిగిలింది. దాన్ని తిరగేసి పట్టుకుని, అలాగే చిల్లుల్లోకి దించుతూ, తలెత్తి బాబాయికేసి చూసింది. ఆయన గొంతులోంచి 'బా, బా' అని మొదలైంది. మంచి చెయ్యి దుప్పటిని పిండేస్తోంది. పిన్ని తొందరపడలేదు. చాలాసేపు చూడనిచ్చి, అప్పుడు దాన్ని బయటికి తీసి, సరిగ్గా తిప్పి పెట్టింది.

"భయపడకండి. తిరగెయ్యడం నాకు రాదు" అంది మెత్తగా.

చాసిస్‌ని పెట్టెలో బిగించి, పెట్టెని మంచానికి ఆనించి నిలబెట్టింది. వెనక చెక్క మళ్లీ బిగించనే లేదు, ఆ వెనక భాగమే ఆయన మొహం వైపు తిప్పింది. స్విచ్ మీద వేలు పెట్టి ఆగింది. బాబాయి కళ్లు గట్టిగా మూసుకుని, మెడ తిప్పుకోలేక, చెంపల మీదికి నీళ్లు కారుస్తూ ఎదురుచూశాడు. టిక్. ఏమీ పేలలేదు. అప్పుడు పెట్టెని ఇటు తిప్పింది, బొమ్మ నిటారుగా, కొత్తదానిలా వచ్చింది. "చూశారా, ఎంత బాగుందో" అంది.

తర్వాత తెలిసింది, ఆనాటి నుంచీ రోజూ పొద్దున్న ఇదే వరస అని. స్నానం చేయించి, జావ పట్టి, మూతి తుడిచి, ఆ తర్వాత పెట్టె వెనక భాగం ఆయన వైపు తిప్పి స్విచ్. పక్కింటి బిలాస్‌పూర్ ఆవిడ, "ఐసీ సేవా కౌన్ కర్తా హై?" ఇంత సేవ ఎవరు చేస్తారమ్మా అని కళ్లొత్తుకునేది. నిజమే, ఒక్క పుండు పడనివ్వలేదు ఆయన ఒంటి మీద.

ఉండలేక అడిగేశాను. "చాలు పిన్నీ. ఆపెయ్యకూడదూ?"

"నేనేం చేశాను? టీవీ పెడతన్నాను."

"ఆయన ఏడుస్తున్నాడు."

"అవును. నేను ఏడిస్తే అందరూ నవ్వీవోరు. ఇక్కడ ఎవరూ నవ్వటం లేదు కదా" అని, జావ గిన్నె కడగడానికి వెళ్లిపోయింది.

బాబాయి చాలాకాలం బతికాడు. అంత బాగా చూసుకుంది మరి. ఆయన పోయిన మర్నాడు నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. పొద్దున్నే పిన్ని లేచి, స్నానం చేసి, పెట్టె దగ్గరికి వెళ్లి స్విచ్ వేసింది. చుట్టిన పరుపు వైపు చూసింది. మళ్లీ ఆపింది, మళ్లీ వేసింది. ఎవరూ ఉలిక్కిపడలేదు. అక్కడే కూలబడి, "ఇప్పుడేం చెయ్యాలి పాపా?" అని అడిగింది, నిజంగా తెలియక అడిగినట్టు. కన్ను పోయిన రోజు కూడా ఆమె మొహంలో అంత దిక్కులేనితనం చూడలేదు నేను.

ఆ రోజుల్లో పిన్నికున్న వయసు నేనెప్పుడో దాటేశాను. ఏళ్లు గడిచిపోయాయని ఎంత తేలిగ్గా అనేస్తామో. కొన్ని ఇళ్లల్లో అవి గడవవు, ఒకే రోజు పొద్దున్నే లేచి మళ్లీ మొదలవుతుంది.