ఖాళీ తూకం

దెయ్యాల కబుర్లు మొదలైతే నేను లేచి వెళ్లిపోయే రకం. భయంతో కాదు, విసుగుతో. పాత కార్లు కొనేవాళ్ల తరఫున బండి చూసిపెట్టడం నా పని. బండికి నిమ్మకాయలు, మిరపకాయలు కట్టేవాళ్లని చూస్తే, ఆ శ్రద్ధేదో ఇంజను ఆయిలు మీద పెట్టొచ్చు కదా అనిపిస్తుంది. కారులో ఏ చప్పుడు వచ్చినా దాని వెనక ఒక బోల్టో, రబ్బరో, వైరో ఉంటుంది. ఇన్నేళ్ల పనిలో ఆ నమ్మకం ఒక్కసారే కదిలింది.

నేనుండేది టెక్కలిలో. మా అక్కను పలాసలో ఇచ్చాం. బావ జీడిపప్పు వ్యాపారి. దేవుడి మీద ఎంత నమ్మకమో చెప్పలేను గాని, తూకం మీద మాత్రం ఆయనకు గట్టి నమ్మకం. ఆయన చేతికి వచ్చింది ఏదైనా కాటా ఎక్కాల్సిందే. నా మేనకోడలు పుట్టినప్పుడు ఆసుపత్రిలో చెప్పిన బరువు నమ్మలేదు. ఇంటికి తెచ్చాక జీడిపప్పు కాటా మీద తువ్వాలు పరిచి మళ్లీ తూచాడు. అక్క ఇప్పటికీ ఆ సంగతి ఎత్తి దెప్పుతుంటుంది.

అలాంటి మనిషికి నడివయసులో కూపే మీద మనసు పడింది. కూపే అంటే రెండే తలుపులున్న లగ్జరీ కారు. వెనక ఇద్దరు కూర్చునే చోటుంటుంది గాని వాళ్లకు వేరే తలుపు ఉండదు. ముందు సీటు భుజం దగ్గర ఒక లీవరు ఉంటుంది. అది లాగితే సీటు వీపు ముందుకు వంగి, సీటు మొత్తం ముందుకు జరుగుతుంది. ఆ సందులోంచే వెనకవాళ్లు ఎక్కాలి, దిగాలి.

మా ఉద్దానం వైపు గతుకుల రోడ్లకు అంత నేలబారు బండి ఎందుకని చెప్పి చూశాను. వింటేగా. ఆ వెనక సీట్లో రోజూ బడికి వెళ్లబోయేది నా మేనకోడలు. అక్క నన్ను పిలిచి, "ఆయనకి రంగు నచ్చితే సాలు. నువ్వే సూడాలి. పిల్ల కూకునే బండిరా" అంది. అందుకని ఈసారి నా మాట నాకే బరువుగా ఉంది.

విశాఖపట్నంలో ఒక పాత కార్ల యార్డులో బండి దొరికింది. ముదురు నీలం రంగు, కొత్తదానిలా ఉంది. పాత కూపే కొనేటప్పుడు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. తలుపులు పొడుగు కాబట్టి ఆ బరువుకు కీళ్లు అరిగి వాలతాయి. తలుపు తెరిచి అంచు పట్టుకుని పైకి ఎత్తి చూడాలి. అద్దాల చుట్టూ చట్రం ఉండదు, తలుపు తెరవగానే అద్దం కాస్త కిందికి దిగాలి, మూయగానే పైకి పోవాలి. లేదంటే వానాకాలంలో నీళ్లు లోపలే.

మిగతావి అన్ని కార్లకూ ఉన్నవే. సీటుబెల్టు చివరిదాకా లాగాలి. వరదలో మునిగిన బండైతే అక్కడ బురద చార దాక్కుని ఉంటుంది. కార్పెట్టు ఎత్తి వాసన చూడాలి. బోనెట్టు ఎప్పుడైనా ఊడదీశారేమో, బోల్టుల మీద స్పానరు గీతలున్నాయా చూడాలి. పెయింటు మందం కొలిచే మీటరు బండి చుట్టూ పెట్టాలి. మనం వెళ్లేసరికే ఇంజను వేడిగా ఉందంటే అమ్మేవాడు స్టార్టింగు తంటా ఏదో దాస్తున్నాడన్నమాట. నేను ఇవన్నీ చూశాను, బండి కంప్యూటరులో తప్పులు చదివే స్కానరు కూడా పెట్టాను. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. నచ్చకపోతే తిరిగి ఇచ్చేసే ఒప్పందం మీద బయానా ఇచ్చి, ఒక్కణ్నే పలాస దాకా నడుపుకుంటూ వచ్చాను.

బావ బండి చుట్టూ ఒకసారి తిరిగి, నేననుకున్నట్టే తిన్నగా లారీలు తూచే కాటా దగ్గరకు తీసుకుపోయాడు. జీడిపిక్కల లారీలు రోజూ ఎక్కే కాటా అది. మేమిద్దరం దిగి పక్కన నిలబడ్డాం. కంపెనీవాళ్లు చెప్పే బరువు కన్నా బండి యాభై కిలోలు ఎక్కువ తూగింది. "ఏటిరా ఇది?" అన్నాడు.

నాకు తట్టింది ఒకటే అనుమానం. ప్రమాదంలో పోయిన రెండు కార్లను కోసి, ఒకదాని ముందుభాగం, ఇంకోదాని వెనకభాగం కలిపి అతికించేవాళ్లు ఉంటారు. లోపల ఇనుప పట్టీలు వెల్డింగు చేస్తారు, పైన పుట్టీ పెట్టి రంగు వేస్తారు. బరువు పెరిగేది అక్కడే. అలాంటి బండికి ఇంకో దెబ్బ తగిలితే అతుకు దగ్గరే విడిపోతుంది. ఆ అతుకు సాధారణంగా వెనక సీటు కిందే ఉంటుంది.

టెక్కలిలో గ్రానైటు లారీలు తూచే కాటా మీద కూడా పెట్టి చూశాం. అక్కడా అదే ఎక్కువ. తెలిసిన గ్యారేజీలో బండిని లిఫ్టు ఎక్కించాను. వెనక సీటు ఊడదీశాను, డిక్కీ లైనింగు తీశాను, తలుపుల కింద చట్రాలు సుత్తితో తట్టి విన్నాను. కంపెనీ అతుకులు తప్ప ఇంకో అతుకు లేదు. నౌపడ ఉప్పుమడుల వైపు తిరిగే బండ్లకు అడుగున లేచే తుప్పు పొలుసులైనా లేవు. అంతా శుభ్రంగా ఉంది. ఎక్కువ బరువు ఎక్కడుందో మాత్రం తేలలేదు. సీటు మళ్లీ బిగించి, గతుకుల రోడ్డు మీద నడిపితే ఎక్కడో ఒకచోట చప్పుడు బయటపడుతుందని అనుకున్నాను.

మర్నాడు పొద్దున్న ఇద్దరం పూండి దాటి సముద్రం వైపు పోయాం. జీడితోటల మధ్య రోడ్డు ఎంత అధ్వానంగా ఉందో అంత మేలు అనుకుంటూ నడిపాను. బండి చిన్న కిర్రు కూడా అనలేదు. ఇసుక మొదలయ్యే చోట, మత్స్యకారుల ఊరి ముందర, కొబ్బరిబొండాలు అమ్మే ఆవిడ కనిపిస్తే ఆగాం. బండికి తాళం వేసి, తాళం జేబులో పెట్టుకున్నాను. ఎండ బాగా ఉంది. బండి మా కళ్లముందే ఉంది. దాని దగ్గరకు మనిషి గాని మేక గాని వెళ్లలేదు.

బొండాలు తాగి లేచాం. తలుపు తెరవబోతే, బావ కూర్చున్న పక్క ముందు సీటు పూర్తిగా వంగి, ముందుకు జరిగి ఉంది. వెనకవాళ్లు దిగడానికి మనం ఎలా వంచిపెడతామో అలాగే.

నేను మొదట లీవరు చూశాను. అది చేత్తో గట్టిగా లాగితే తప్ప కదలదు. గతుకులకు వదులైందేమో అనుకుంటే, ఆగేదాకా బావ ఆ సీట్లోనే వీపు ఆనించి కూర్చున్నాడు. దిగాక బండి కదలలేదు. స్కానరు పెడితే తప్పేమీ చూపించలేదు. అక్కడే ఎన్నోసార్లు తలుపు ధడాలున వేశాను, సీటు పట్టుకుని ఊపాను. ఒక్కసారీ వంగలేదు. నాకు భయం వేసింది, అది బావ చూస్తున్నాడని సిగ్గు కూడా వేసింది.

బావ సీటు సరిచేసుకుని కూర్చున్నాడు. పలాస ఊళ్లోకి వచ్చాక ఇంటివైపు తిప్పబోతే నా చెయ్యి పట్టుకున్నాడు.

"కాటా దగ్గరకు పోనీరా. దిగినాక ఖాళీ తూకం సూడొద్దేటి?"

జీడిపిక్కల లారీని నిండుగా ఉన్నప్పుడు ఒకసారి, సరుకు దించాక ఒకసారి తూస్తారు. ఆ రెండో తూకం వేయకుండా లారీని బయటికి పంపరు. ఆయన ఆ రోజువారీ మాటే, ఆ గొంతుతోనే అన్నాడు. నేను బండిని కాటావైపు తిప్పాను.

తూచాం. సరిగ్గా కంపెనీ చెప్పిన బరువు. కాలిన పెట్రోలు అంతా కలిపి లెక్కేసినా పది కిలోలు దాటదు. కాటా మీద అనుమానంతో బావ తన సొంత మినీ లారీ తెప్పించి ఎక్కించాడు. దాని బరువు ఎప్పటిలాగే ఉంది.

"ఇప్పుడు సెప్పు. తీసుకోమంటావా, వద్దంటావా?" అన్నాడు బావ.

నా పనిలో జవాబులు ఆ రెండే. మూడోది ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు. నాకు తెలిసిన విద్య ప్రకారం అప్పుడా బండికి ఏ లోపమూ లేదు. కానీ ఆ వెనక సీట్లో పిల్లను ఊహించుకుంటే తీసుకోమని అనలేకపోయాను.

"తెలీదు బావా" అన్నాను.

"నీకే తెలీకపోతే నానెవుడ్ని అడగాల్రా?" అని విసుక్కున్నాడు. కోప్పడినా బాగుండేది.

ఇంటికెళ్లి జరిగినదంతా అక్కకు చెప్పాం. బండి తిరిగిచ్చేయమంటుందనే అనుకున్నాను. "దిగాల్సినోలు దిగిపోనారు గదరా. మనకేటి?" అంది అక్క. వీధిలోకి వెళ్లి, ముందు తనే వెనక సీట్లో ఎక్కి కూర్చుని, తర్వాత పిల్లను ఎక్కించుకుంది. బండి కొన్నాం.

యార్డువాణ్ని అడిగాను, వేలంలో కొన్నానన్నాడు. ప్రమాదాల చరిత్ర వెతికించాను, ఏమీ లేదు. బొండాల ఆవిడను కూడా వెళ్లి అడిగాను. ఎవరూ దిగడం చూడలేదంది, నా మొహం చూసి నవ్వింది. బండి ఈ రోజు వరకూ ఇబ్బంది పెట్టలేదు. ఆ యాభై కిలోలు ఎలా వచ్చాయో, ఎలా పోయాయో నేను చెప్పలేను. పనిమీద ఎన్ని కూపేలు చూసినా అలాంటిది మళ్లీ తగల్లేదు.

బావ ఇప్పటికీ దెయ్యాలు లేవనే అంటాడు. కానీ ఎక్కడ బండి ఆపినా ముందు తను దిగి సీటు వంచుతాడు. అక్క దిగుతుంది, పిల్ల దిగుతుంది. వాళ్లు దిగి నడిచి వెళ్లిపోయాక కూడా, సీటును అలాగే వంచి పట్టుకుని ఇంకాసేపు తలుపు దగ్గర నిలబడతాడు. ఎందుకని నేను అడగలేదు. అడిగితే ఆ ప్రశ్న తిరిగి నన్నే అడుగుతాడు.