చెరకు లైన్లో బాపు పాడిన పాట

నా బతుకును మలిచిన పాటల క్యాసెట్ల గురించి కొన్ని వ్యాసాలు రాశాను. పుస్తకంగా రాబోతున్నాయి. పత్రికలో వచ్చినప్పుడు అందరూ మెచ్చింది మాత్రం ఒక్కదాన్నే. సిగ్గు విడిచి చెప్తున్నాను, అది దొంగసొత్తు.

మాది బోధన్ పక్క ఊరు. చెరకు నరికి ట్రాక్టర్ మీద ఫ్యాక్టరీకి తీసుకుపోతే, కాంటా దాకా చేరడానికి ఒక్కోసారి రెండ్రోజులు లైన్లో ఉండాల్సి వచ్చేది. ఒక ఏడు బాపు, అంటే మా నాన్న, తమ్ముణ్ణి వెంట తీసుకుపోయాడు. నేనూ వస్తానని ఏడ్చాను. "ఆడివిల్లవు, గాడ నీకేం పని? సదువుకో పో" అన్నాడు.

తమ్ముడు తిరిగొచ్చి చెప్పిన ముచ్చటకు నాకు ఒళ్ళు మండిపోయింది. ముందున్న ట్రాక్టర్ అతను మహారాష్ట్ర వైపు మనిషట. అతని టేపులో మరాఠీ భక్తి పాటలు, అభంగాల క్యాసెట్ మోగుతూనే ఉందట. రెండో రోజుకు బాపు కూడా అందుకుని పాడాడట! మా బాపు! ఇంట్లో నోరు విప్పితే తిట్టడానికే.

"నిజంగ పాడిండక్కా! తొడ మీద కొట్టుకుంట పాడిండు. నన్ను గూడ పాడమన్నడు" అని వాడు ఇకిలిస్తుంటే వీపు మీద ఒక్కటిచ్చాను. వాడు ఏడుస్తూ పోయాడు. నాకు మాత్రం చల్లారలేదు.

తర్వాత నిజామాబాద్‌లో హాస్టల్లో ఉండి చదువుకునేటప్పుడు ఆ క్యాసెట్ వెతికి మరీ కొన్నాను. రీలు నలిగేదాకా విన్నాను. మరాఠీ ఒక్క ముక్క రాదు. ఎంత విన్నా అందులో బాపు గొంతు లేదు.

అందుకే వ్యాసంలో తమ్ముణ్ణి ట్రాక్టర్ దింపేసి నేనెక్కి కూర్చున్నాను. బాపు నన్నే పాడమన్నట్టు రాశాను. చదివి ఏడ్చామని ఎంతమంది ఫోన్లు చేశారో! కాదనడానికి బాపు ఇప్పుడు లేడు.

మొన్న తమ్ముడు ఫోన్ చేశాడు. వాడు పదో తరగతితోనే బడి మాని పొలం చూసుకుంటున్నాడు. వ్యాసాన్ని వాడి కూతురు చదివి వినిపించిందట.

"గాడ నువ్వెప్పుడున్నవక్కా?"

ఉన్నమాటంటే ఉలుకెక్కువ. "రాసేకాడ గివన్నీ నడుస్తయ్ రా, నీకేం ఎర్క!" అని కసిరాను.

వాడు కోప్పడలేదు. "అవ్, నాకెర్కలేదు. బాపు నీకు సదువిచ్చిండు. నన్ను బడి మాన్పిచ్చి ఎవుసంల పెట్టిండు. నువ్వు హాస్టల్‌కు పోతుంటే బస్సు దిక్కు సూసి ఎంత కుళ్ళుకుంటుంటినో! గప్పుడల్లా గా రెండు దినాలే యాది చేసుకునేటోణ్ణి. బాపు నాకిచ్చింది గదొక్కటే. గది గూడ నువ్వే తీస్కుంటవా?"

మర్నాడు పుస్తకం వేసేవాళ్ళకు చెప్పి ఆ వ్యాసం తీయించేశాను. మంచి పని చేశావని మాత్రం అనకండి. బాపు పక్కన కూర్చున్నది వాడు, నేను కాదు. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతూనే ఉంది.