పిట్టకు పెట్టిన బీడీ

మా పెద్దబాపును పూడ్చిన మూడోనాడు, ఆ మట్టికుప్ప ముందు కూర్చుని బాపు బీడీ నోట్లో పెట్టుకున్నాడు. పక్కన నిలబడ్డ అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చనిపోయిన మనిషికి ఇష్టమైనవన్నీ మూడోనాడు పిట్టకు, అంటే కాకికి, పెట్టడం మా రామన్నపేట వైపు ఆనవాయితీ. కాకి ముడితే పోయిన మనిషి తిన్నట్టే. పెద్దబాపుకు కోడికూర, కల్లు, చివరికి బీడీ. అది వెలిగించే పెట్టాలి. ఆయనకు పిల్లలు లేరు కనుక తమ్ముడైన మా బాపు వంతు వచ్చింది.

ఇది పందొమ్మిదివందల యాభైల చివరి మాట. అప్పటికే బాపు కాలివేళ్లు పుండుపడి నల్లబడ్డాయి. బీడీ కావాలో కాలు కావాలో తేల్చుకొమ్మని నల్గొండ దవాఖానలో డాక్టరు చెప్పాడు. బాపు ఆ రోజే మానేశాడు. పుండు ఆరుతూ వచ్చింది. కానీ ఎక్కడ అగ్గిపుల్ల గీసిన చప్పుడైనా ఆయన చెయ్యి చెవి మీదికి పోయేది. మానకముందు బీడీ అక్కడే దోపుకునేవాడు. ఎందుకు తడుముకున్నావని అడిగితే, "నేనేం తడిమిన?" అనేవాడు. అబద్ధం కాదు, ఆయనకు తెలియదు. ఎవరైనా మా అరుగు మీద బీడీ కాల్చి పోతే, ఆ పూట కూరలో ఉప్పు లేదని అమ్మను కసిరేవాడు. అమ్మ అది కనిపెట్టి ఇంట్లో అగ్గిపెట్టె దాచేసింది. పక్కింటి నుంచి పిడక మీద నిప్పు తెచ్చి పొయ్యి అంటించేది.

"ఇటియ్యి బాపూ, నేను ముట్టిస్త" అన్నాను.

"తోడబుట్టినోడు ఉండంగ నువ్వెట్ల ముట్టిస్తవ్ బిడ్డా?" అన్నాడు కులపెద్ద. "వేరేటోళ్లు ముట్టించిన బీడీ పెడ్తే మీ పెద్దబాపు పిట్టను రానిస్తడా?"

మొదటి పుల్ల గాలికి ఆరింది. రెండో పుల్లకు బీడీ అంటుకుంది. బాపు దమ్ము లాగి కళ్లు మూసుకున్నాడు.

"ఇగ ఆడ పెట్టు" అంది అమ్మ మెల్లగా.

ఆయనకు వినపడలేదు. కళ్లు తెరిచేసరికి బీడీ దారం దాకా కాలింది.

"అరె, అయిపోయిందే" అన్నాడు, మరెవరో తాగినట్టు.

"మీ అన్న కంటే ముందు నువ్వే పిట్టవైతివి గద" అన్నాడు కులపెద్ద. నలుగురూ నవ్వారు. బీడీకట్ట చేతికిచ్చి ఇంకోటి ముట్టించమన్నారు. ముట్టించి పెట్టాడు. కాకి వచ్చి ముట్టింది.

తిరిగి వస్తుంటే కాలీడ్చుకుంటూ బాపు మా ముందు నడుస్తున్నాడు. చెవి మీద బీడీ ఉంది.

"ఆ బీడీ ఏంది?" అంది అమ్మ.

"ఏం బీడీ?" అన్నాడు.

ఆ గురువారమే కాలు చూపించడానికి దవాఖానకు పోవలసి ఉంది.