కరెంటొచ్చిందన్న కేక

మిగ్దాలియాకు కోపం వచ్చిందంటే కొండ కింద రొట్టెల కొట్టు దాకా తెలుస్తుంది. ఆ కొండ మీద కరెంటు కంపెనీని తిట్టనివాళ్లు లేరు. కానీ తక్కినవాళ్ల కోపం బిల్లు వచ్చిన రోజుతో సరి. ఈమెది పొద్దున్నే కాఫీతో మొదలై రాత్రి జపమాల దగ్గర కూడా చల్లారదు. ప్రార్థన మధ్యలో కంపెనీవాళ్లకు నాలుగు తగిలించి, ఎక్కడ ఆపిందో అక్కడి నుంచి మళ్లీ అందుకుంటుంది.

ఊరికే తిడుతుందా? పెద్ద తుఫాను ప్యూర్టోరికో దీవిని ఊడ్చిపెట్టినప్పుడు ఆ కొండకు కరెంటు తిరిగి రావడానికి ఏడాది దగ్గర పట్టింది. వచ్చాక కూడా నిలకడ లేదు. పోవడం ఒక బాధయితే రావడం ఇంకో బాధ. వచ్చేటప్పుడు తిక్కతిక్కగా, వైర్లు ఓర్చుకోలేనంత వచ్చి పడేది. బడి వంటశాలలో చాకిరీ చేసి కొనుక్కున్న ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ అలాగే మాడిపోయాయి. ఫోన్ చేస్తే, "మీ ఇంటి వైరింగ్ చూపించుకోండమ్మా" అన్నారు. ఎంత కండకావరం!

కరెంటు ముందు కింది వీధులకు వస్తుంది, తర్వాత పై వీధికి. కింద జనం వాకిళ్లలోకి వచ్చి "కరెంటొచ్చిందోయ్!" అని కేకలు పెడతారు. ఆ కేక వినగానే పై వీధి ఆడవాళ్లు పరుగెత్తి ఇంట్లో ప్లగ్గులన్నీ పీకేస్తారు. కరెంటు కుదురుకున్నాక ఒక్కొక్కటే పెట్టుకుంటారు. వస్తువులు దక్కించుకోవడానికి వాళ్లకు తెలిసిన దారి అదొక్కటే.

ఆమె భర్త ఎలియుద్ సిమెంటు ఫ్యాక్టరీ దుమ్ము మింగి మింగి ఊపిరితిత్తులు పోగొట్టుకున్నాడు. ముక్కుకు గొట్టం, కుర్చీ పక్కన ఆక్సిజన్ మిషను. అది ఆగితే అతనూ ఆగిపోతాడు. అందుకే అతను ముద్దుగా చూసుకునే ట్రక్కు అమ్మేసి, ఇంటి మీద సోలార్ పలకలు వేయించి, గోడకు పెద్ద బ్యాటరీ పెట్టించారు. బిగించినతను మరీ మరీ చెప్పి వెళ్లాడు: "బయట కరెంటు ఎలాగొచ్చినా ఇది చూసుకుంటుందమ్మా. ఇక మీరు దేన్నీ పీకక్కర్లేదు."

మొన్న వేసవిలో ఒక మధ్యాహ్నం కొండంతా కరెంటు పోయింది. మిగ్దాలియా ఇంట్లో మాత్రం మిషను హాయిగా తిరుగుతోంది. పక్కింటి ఇరైదా ఇక్కడి నుంచే వైరు లాక్కుని, తల్లి ఇన్సులిన్ ఉన్న ఫ్రిజ్ నడుపుకుంటోంది.

"నా ట్రక్కుంటే ఈపాటికి సముద్రం ఒడ్డున ఉండేవాణ్ణి," అన్నాడు ఎలియుద్.

"ఉండేవాడివే, ఊపిరి లేకుండా. నోర్మూసుకుని గాలి పీల్చుకో," అంది ఆమె వంటింట్లోంచి, పచ్చికందుల అన్నం కలుపుతూ.

అప్పుడే కింద కేక లేచింది. మిగ్దాలియా గరిటె వదిలేసి పరుగెత్తింది. ఫ్రిజ్ ప్లగ్ పీకింది, టీవీది పీకింది, కుర్చీ వెనక చెయ్యి పెట్టి ఇంకోటి పీకింది. ఏది దేనిదో చూడలేదు. ఆ పని ఎప్పుడూ చేతులే చేసుకుపోతాయి.

వరండాలోకి వచ్చేసరికి పై వీధి దీపాలు ఒక్కసారి వెలిగి ఆరిపోయాయి. కొండంతా ఉసూరుమంది. ఇక ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"చూపించి లాక్కుంటార్రా, దరిద్రుల్లారా! మీ ఆఫీసుల్లో ఏసీలు ఎప్పుడైనా ఆగాయా?"

"ఇంకా తిట్టక్కా, నీ నోరు చల్లగుండ!" అని ఎదురింటివాళ్లు ఎగదోశారు. ఆమె ఇంకా తిట్టింది. లోపల కరెంటు అందని మిషను, అలారం మోగించి కుయ్యోమని మొత్తుకుంటోంది. ఎలియుద్ పిలిచిన పిలుపు గుమ్మం దాటలేదు. వీధిలో జనరేటర్ల మోత, దాని మీద ఆమె గొంతు.

తన వైరు చూసుకుందామని పెరటి గుమ్మంలోంచి వచ్చిన ఇరైదా కెవ్వుమంది. "అక్కా! బావ!"

ఎలియుద్ కుర్చీలోంచి సగం జారిపోయి ఉన్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. మిగ్దాలియా నేల మీద పడున్న ప్లగ్ చూసింది. లాక్కుని గోడకు పెట్టింది. మిషను మళ్లీ తిరిగింది. అతని తల గుండెకు హత్తుకుని అక్కడే కూలబడింది. చాలాసేపటికి గానీ అతని మొహంలో రంగు రాలేదు.

"నన్నూ ఫ్రిజ్ అనుకున్నావా?" అన్నాడు. ఆమె నవ్వలేదు.

ఈలోగా గుమ్మం నిండా ఆడవాళ్లు చేరారు. "కంపెనీవాళ్లే బ్యాటరీ తోడేసుంటారక్కా!" అని ఇరైదా ఊగిపోయింది. "దూరాన్నుంచే లాగేస్తారంట. కేసు పెడదాం. నేనొస్తా సాక్ష్యానికి!"

మిగ్దాలియా అవునంటే చాలు. వీధంతా నమ్ముతుంది. తిట్లు నాలుక చివరే ఉన్నాయి.

"బ్యాటరీ ఆగలేదే," అంది మిగ్దాలియా. "నేనే పీకాను."

రెండు చేతులూ ఇరైదా ముందుకు చాపింది.

"నా మొగుడి ఊపిరి నా చేత్తో నేనే పీకాను. ఈ చేతులకి పీకడం నేర్పిందెవరే? ఆ సచ్చినోళ్లు కాదూ? ఏమని పెట్టమంటావు కేసు? నా చేతులు పాడుచేశారని పెట్టనా?" అని భోరుమంది.

కింద మళ్లీ కేక లేచింది. గుమ్మంలో ఆడవాళ్లు ఒక్కరూ మిగలకుండా ఇళ్లకు పరుగెత్తారు. మిగ్దాలియా చేతులు కూడా కదిలాయి. ఎలియుద్ ఆ రెంటినీ గట్టిగా పట్టుకున్నాడు.