ఎండ తగలనియ్యొద్దప్పా

జమ్మలమడుగు ఆసుపత్రిలో ఆమె కాన్పుల నర్సు. తల్లులు ఒప్పుకుంటే బొడ్డుతాడులో మిగిలిన రక్తం తీసి, దాన్ని మోసుకెళ్లే నాకిచ్చేది. అందులోని మూలకణాల నుంచి మా పరిశోధనశాలలో రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాలను పెంచేవాళ్లు. ఐస్‌బాక్సు అందించేటప్పుడు, పసిబిడ్డ తల నిమిరినట్టు దాని మూత నిమిరి, “ఎండ తగలనియ్యొద్దప్పా” అనేది.

ఒకరోజు, పులివెందుల నుంచి కాన్పుకొచ్చిన ఒక తల్లి ఇచ్చిన రక్తమున్న బాక్సును ప్రొద్దుటూరు బస్టాండులో ఎండలో పెట్టి స్నేహితుడితో కబుర్లలో పడ్డాను. కణాలు బతకలేదు. పైవాళ్లు అడిగితే, నర్సు సరిగా తియ్యలేదన్నాను. ఆమెను ఆ పని నుంచి తప్పించారు.

“నీ బిడ్డ రక్తం పదిమందికి పనికొస్తాదని ఆ పులివెందుల తల్లికి చెప్పింటినే. ఇప్పుడేం చెప్పల్లప్పా?” అని నన్నడిగింది. ఆదివారం చర్చి అయ్యాక ఆమే పులివెందుల పోయి, తప్పు తనదేనని ఆ తల్లికి చెప్పి వచ్చింది.

తప్పు నాది. పదేళ్లు దాచి, మొన్న ఆమె ఇంటికి పోయి చెప్పాను. ఆమె శెనక్కాయలు వలుస్తోంది. తలెత్తలేదు.

“నా చెయ్యి సంగతి నాకు తెల్దా? నాకు చెప్తే ఏమొస్తాది? ఆ తల్లికి చెప్పుపో.”

“ఇప్పుడా, అక్కా?”

“ఇంకెప్పుడు?”

బస్టాండు దాకా వెంటవచ్చి నన్ను పులివెందుల బస్సెక్కించింది. కిటికీ దగ్గరకొచ్చి, “ఎండపక్క కూర్చోవద్దప్పా” అంది.