నేను సంతకం పెట్టిన పాలగుండ

ఇప్పుడు మీకొక మహాకావ్యం వినిపిస్తాను. అందులో ఒక మహానది ఉంది. కొండల నుంచి దిగివచ్చే పడవలున్నాయి. ఒక ధర్మాసనం ఉంది. తల్లి లేని శిశువున్నాడు, ఆ శిశువు కోసం నడినెత్తి ఎండలో నడిచివచ్చిన స్త్రీ ఉంది, లోకమంతా నమ్మే ఒక రాజముద్ర ఉంది. అన్నీ నిజమే. కాకపోతే నది గోదావరి, ధర్మాసనం మునిసిపాలిటీ కచేరీలో ఒక కాలు పొట్టిదైన బల్ల, రాజముద్ర పాలగుండ సంచికి కుట్టే చీటీ. కావ్యం కాదు. గంజి సంగతి. ఆరేళ్ళుగా మోస్తున్నాను. గంజి ఇంత బరువుంటుందని నాకెవరూ చెప్పలేదు.

నా పేరు చెప్పను. ఊరి పేరూ చెప్పను. గోదావరి ఒడ్డున కచేరీ ఉన్న ఊళ్ళు చాలానే ఉన్నాయి, మీకు తోచింది అనుకోండి. మీరు నన్ను ఎరగరు, అందుకే మీకు చెబుతున్నాను. ఎరిగినవాళ్ళ ముందు నేను నోరు తెరిస్తే చాలు, విషయం వినకముందే నవ్వుతారు. ఒకసారి మా మేనమామతో మొదలుపెట్టాను కూడా. "మామయ్యా, నేనొక తప్పు చేశాను" అన్నాను. ఆయన తాంబూలం పక్కన పెట్టి, "చెప్పు చెప్పు, నవ్వి చాలా రోజులైంది" అన్నాడు. అంతటితో ఆపేశాను.

పాలగుండ మీకు తెలిసిందే. పోలవరం పైనున్న కొండల్లో దుంపలు తవ్వి, దంచి, కడిగి, తేర్చి, ఆరబెట్టిన తెల్లటి పిండి. తల్లిపాలు లేని పసివాళ్ళకూ, జ్వరం పడి లేచి పత్యం మీద ఉన్నవాళ్ళకూ, కడుపులో ఇంకేదీ ఇమడనివాళ్ళకూ అదే ఆధారం. అందులో బియ్యప్పిండి కలిపితే కంటికి తెలియదు. అలా కలిపినది పోసి కొందరు పసివాళ్ళను పాడుచేశారని తెలిశాక, అప్పుడు మా ఊళ్ళో ఉన్న డాక్టరు దొర ఒక పద్ధతి పెట్టించాడు. వర్తకుడు పిండిని సంచుల్లో పోయకముందే ప్రతి రాశి నుంచీ ఒక చెంచాడు తీసి, చన్నీళ్ళలో కలిపి, కాచి చూడాలి. అసలు పాలగుండ అయితే కాగగానే గాజులా తేటపడుతుంది. బియ్యప్పిండి ఉంటే తెల్లగానే ఉండిపోతుంది. తేటపడితేనే సంచికి చీటీ. చీటీ మీద అచ్చులో ఇలా ఉంటుంది: 'కాచి చూడడమైనది. పసిబిడ్డలకును రోగులకును వాడవచ్చును.' దాని కింద, కాచి చూసినవాడి సంతకం.

ఆ కాచి చూసేవాణ్ణి నేను. అప్పటికి నాకు పంతొమ్మిదేళ్ళు. అన్నం వార్చడం కూడా రాదు. ఊళ్ళో పసిపిల్లల కడుపులకు నన్ను కాపలా పెట్టారు.

మొదటి ఏడాది బాగానే కాచాను. నిజం చెబుతున్నాను, బాగానే కాచాను. ఆ మాట నాకు అనుకూలంగా రాసుకుంటున్నానేమో. రాసుకోనివ్వండి, అటుపైన అనుకూలమైనది ఇంకేమీ లేదు.

ఆ రోజుల్లో నలుగురు గుమాస్తాలు ఒకచోట కూర్చుంటే అదొక నాటక సమాజం. మాదీ ఒకటి ఉండేది. నాది హాస్య వేషం. ఒక మధ్యాహ్నం మూడు గంటలకు సాధన ఉందనగా, రేవు దగ్గర వర్తకుడి కొట్టుకు మూడు రాశుల పాలగుండ వచ్చింది. మొదటి రాశిలో చెంచాడు తీసి కాచాను. తేటపడింది. పుల్లలు పచ్చివి, పొగ కళ్ళలోకి కొడుతోంది, రెండో గిన్నెకు నీళ్ళు ఎంతకీ కాగడం లేదు. కొట్టు గుమాస్తా విసనకర్ర ఊపుతూ, మీరెళ్ళండి బాబూ, ఇదంతా ఒకే పడవలో వచ్చిన సరుకు, చీటీల మీద సంతకాలు పెట్టిపోతే మేం కుట్టుకుంటాం అన్నాడు. కట్ట తీసుకుని, మూడు రాశులకూ సరిపడా, నిలబడి సంతకాలు పెట్టాను. ఒకటి తేటపడింది కదా, మిగతా రెండూ దాని తోబుట్టువులే కదా అనుకున్నాను. అనుకున్నానా? లేదు. అది ఇప్పుడు అనుకుంటున్నాను, అప్పుడే అనుకున్నట్టుగా. అప్పుడు నా తలలో ఉన్నది ఒక్కటే: రెండో అంకంలో నేను పీట మీద నుంచి కిందపడాలి, ఎటువైపు పడితే ఎక్కువమందికి కనిపిస్తానా అని.

పది రోజుల తరువాత ఎస్తేరమ్మ వచ్చింది.

ఆవిడ మిషన్ బడిలో పంతులమ్మ. ఊరి చివర క్రైస్తవుల పేటలో ఉంటుంది. చెల్లెలు పురిట్లో పోతే, ఆ బిడ్డను తనే సాకుతోంది. గేదెపాలు ఇమడవు. పాలగుండ గంజి ఒక్కటే వాడి ప్రాణం. ఇదంతా నాకు తరువాత తెలిసింది. ఆ పూట నాకు కనిపించింది, ఒక చేత్తో ముంత, ఒక చేత్తో సంచి పట్టుకుని కచేరీ మెట్ల కింద నిలబడ్డ మనిషి. ఎంతవరకు రావాలో ఆవిడకు తెలుసు, అక్కడే ఆగింది. ముంత కింది మెట్టు మీద పెట్టి వెనక్కి జరిగింది.

"అయ్యా, ఈ పాలగుండ ఎంత కాసినా తేటపడ్డం లేదండి. బాబుకి నాలుగు రోజుల్నించి ఇమడ్డం లేదు. నీళ్ళలా పోతన్నాయండి. కళ్ళు లోపలికి పోయాయి."

హెడ్డు గుమాస్తాగారు కాగితం మీంచి తలెత్తకుండానే, "చీటీ లేని సరుకు కొంటే అంతేనమ్మా" అన్నారు.

"చీటీ ఉన్నదేనండి. చదివే కొన్నాను."

నేను మెట్లు దిగి ముంతలోకి చూశాను. రెండోసారి చూడనక్కర లేకపోయింది. సున్నంలా తెల్లగా ఉంది. సంచి మూతికి కుట్టిన చీటీ మీద నా సంతకం, చివర తోకతో సహా, చక్కగా ఉంది. అరుగు మీద హెడ్డు గుమాస్తాగారు, ఇద్దరు బంట్రోతులు, పన్ను కట్టడానికి వచ్చిన రైతులు ఇద్దరు, అందరూ నావైపే చూస్తున్నారు. నేనేదో అంటానని.

అన్నాను.

"ఏంటి పంతులమ్మగారూ, ఇది బాబుకి పట్టడానికా, బడి గోడకి కొట్టడానికా?"

అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. మర్యాదకు. ఆ నవ్వు నేను ఎన్ని వేషాలు వేసినా నాకు రాదు.

"నీళ్ళెక్కడివి?" అన్నాను.

"మా పేట బావివండి."

"అదీ సంగతి! ఆ బావినీళ్ళకి పాలగుండ తేటపడదమ్మా. గోదావరి నీళ్ళు తెచ్చి కాయండి, అద్దంలా వస్తుంది."

"అలాగాండీ?"

"పదిమందికి చదువు చెబుతారు, గంజి కాయడం తెలియకపోతే ఎలాగండీ?"

మళ్ళీ నవ్వులు. ఈసారి ఆవిడ నవ్వలేదు. ముంతవైపు చూస్తూ నిలబడింది.

"అయితే నేనే వాణ్ణి పాడుచేశానన్నమాటండి" అంది.

ఇక్కడ ఆగాను. కలం ఆగింది అని రాస్తే గంభీరంగా ఉంటుంది గానీ, నేనే ఆగాను. అక్కడ, ఆ క్షణాన, కాదు అనడానికి ఎంత సేపు పడుతుంది? రెండక్షరాలు. లోపలికి వెళ్ళి మూడు మాటలు చెబితే ఆ రాశుల సంచులన్నీ కొట్ల నుంచి వెనక్కి తెప్పించేవాళ్ళు. నా ఉద్యోగం పోయేది. నేనేం చేశానంటే, ఈ సంచి చెమ్మగిల్లినట్టుంది, ఎందుకైనా మంచిది, వేరేది తీసుకోండి అని, మొదటి రాశి నుంచి నమూనాగా దాచిన సంచి లోపలి నుంచి తెచ్చి మెట్టు మీద పెట్టాను. ఆవిడ సంచి నేను తీసుకున్నాను, చీటీతో సహా. ఆవిడ రెండు చేతులూ జోడించింది. హెడ్డు గుమాస్తాగారు, కుర్రాడికి నోరు దురుసే గానీ మనసు మంచిదయ్యా అన్నారు.

ఆ పిండి గోదావరిలో పోశాను. చీటీ చింపేశాను. మిగతా సంచులు ఎక్కడివక్కడే ఉన్నాయి. కొన్ని పిఠాపురం వైపు పోయాయని తరువాత తెలిసింది. వాటిని ఎవరు కొన్నారు, ఎవరికి కాచిపోశారు? తెలియదు. తెలియదు అని రాయడం సులువు, నేను తెలుసుకోలేదు. ఎస్తేరమ్మ సంగతి నాకు తెలిసిందంటే, ఆవిడకు చదువు వచ్చు గనుక, నడిచి వచ్చింది గనుక. చదువు రాని తల్లి చీటీని చూసి నమ్ముతుంది, గంజి తెల్లగా వస్తే పోస్తుంది, బిడ్డ పోతే దేవుణ్ణి అడుగుతుంది. ఆ వరసలో నేనెక్కడా కనిపించను.

ఇక్కడ మీరు ఆ బిడ్డ పోయాడని ఎదురుచూస్తుంటే, పోలేదు. బతికాడు. మంచి పాలగుండ కదా, తేటపడింది. గోదావరి నీళ్ళతో కాచింది కదా, నీళ్ళ మహిమే అనుకుంది ఎస్తేరమ్మ. వారం తిరక్కుండా మళ్ళీ మెట్ల కిందికి వచ్చి, "అద్దంలాగే వచ్చిందండి, మీరు చెప్పబట్టి" అని, ఆ మాట నలుగురి ముందూ చెప్పి వెళ్ళింది. అంతటితో ఊరుకోలేదు. పంతులమ్మ గదా, పేటలో పసిపిల్లలున్న ప్రతి ఇంటికీ వెళ్ళి చెప్పింది: మన బావినీళ్ళు పనికిరావు, నేను చేసిన తప్పు మీరు చెయ్యకండి.

అప్పటి నుంచి ఆ పేట ఆడవాళ్ళు పసివాళ్ళ గంజి కోసం రేవుకు వెళ్ళి నీళ్ళు తెస్తున్నారు. పేట నుంచి రేవుకు మైలున్నర. దగ్గరి రేవులో వాళ్ళను దిగనివ్వరు, చాకిరేవు దాటి దిగువకు పోవాలి. నా బల్ల కిటికీ పక్కనే. రోజూ పొద్దున, బిందెలతో వెళ్ళేవాళ్ళు కనిపిస్తారు. బాలింతలు కూడా. బల్ల అటువైపు తిప్పుకుందామని చూశాను. పొట్టికాలి వల్ల అది ఆ మూలనే నిలబడుతుంది.

ఆ బావి గురించి నేను చెప్పిన మాట ఎందుకంత సులువుగా చెల్లింది? ఆరేళ్ళుగా నన్ను నేను ఇదే అడుగుతున్నాను. ఊళ్ళో ఇంకే బావి పేరు చెప్పినా, హెడ్డు గుమాస్తాగారు కళ్ళజోడు తీసి, అదేం శాస్త్రంరా అని అడిగేవారు. పేట బావి అనగానే అందరూ తలూపారు. ఎవరూ ఎందుకని అడగలేదు. నేను అబద్ధం వెతుక్కోలేదు, అది అప్పటికే వాళ్ళ తలల్లో సిద్ధంగా ఉంది. చేయి చాచి తీసుకున్నాను. నాది చమత్కారం అనుకున్నారు. నేనూ కొంతకాలం అలాగే అనుకున్నాను.

ఆ పిల్లవాడికి ఇప్పుడు ఆరేళ్ళు. నాలుగేళ్ళవాడిలా ఉంటాడు. అది ఆ నాలుగు రోజుల వల్లనా, పుట్టుకతోనే అంతేనా, నాకు తెలియదు, ఏ డాక్టరూ చెప్పలేడు. మొన్న ఉగాది వెళ్ళాక సంతలో ఎదురైతే, ఎస్తేరమ్మ వాణ్ణి ముందుకు తోసి, "ఈ బాబుగారేరా, దణ్ణం పెట్టు" అంది. వాడు పెట్టాడు. నేను ఏదో హాస్యమాడాను. ఏమన్నానో గుర్తులేదు. వాడు నవ్వాడు, అది గుర్తుంది.

ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, కిందటి నెల కౌన్సిలువారు పాలగుండ చీటీని పెంచారు. వట్టి చీటీ చాలదు, గంజి కాయవలసిన విధానం కూడా వెనకవైపు అచ్చువేయాలన్నారు. ముసాయిదా రాసే పని నాకే వచ్చింది, నా దస్తూరి బాగుంటుంది. చన్నీళ్ళలో కలపవలెను, ఉండకట్టకుండ తిప్పవలెను, అని రాస్తున్నాను. హెడ్డు గుమాస్తాగారు వెనక నుంచి వంగి, "ఆ రోజు నువ్వు చెప్పావు చూడు, పేట బావి సంగతి. అదీ వెయ్యి" అన్నారు.

వేశాను.

'పేట బావినీళ్ళతో కాయరాదు. గోదావరి నీళ్ళు మాత్రమే వాడవలెను.' కౌన్సిలులో ఒక్కరూ అభ్యంతరం చెప్పలేదు. ఎస్తేరమ్మ బడిలో పిల్లల చేత అది చదివిస్తోందట.

ఆ వాక్యం కొట్టేయమని అడగవచ్చు. అడిగితే ఎందుకంటారు. ఎందుకో చెప్పాలి. ప్రతి సోమవారం అడుగుదామనుకుంటాను. ఈ సోమవారం కూడా అనుకున్నాను. మీకు రాసినంత సులువుగా అక్కడ నోరు రావడం లేదు, లేక రానివ్వడం లేదు. రెండింటికీ తేడా నాకు బాగా తెలుసు, తెలియనట్టు రాస్తున్నాను.

ఇంత రాశాక గుండెల్లో కాస్త చోటు దొరికినట్టుంది. ఆ చోటు నాకు దక్కవలసింది కాదు. అయినా దొరికింది, వద్దనలేదు. క్షమించమని మిమ్మల్ని అడగను. మీరు క్షమించినా ఆ బిందెలు తేలికపడవు.

ఇవి వరద రోజులు. గోదావరి ఎర్రగా వస్తోంది. చిల్లగింజ అరగదీసి కలిపినా, బిందెడు నీళ్ళు తేరడానికి ఒక పూట పడుతుంది.