కుళాయి పక్క చోటు

ఫ్రాన్సులో లోట్ నది పక్కన పట్టాలు పీకేసిన పాత రైలుదారిలో ఇప్పుడు సైకిళ్ళే తిరుగుతాయి. డెబ్బయ్యారేళ్ళ ఉగెత్ రోజూ ఆ దారిన వెళ్తుంది. ముప్పయ్యేళ్ళు సైకిలు మీద ఉత్తరాలు పంచిన మనిషి. ఎంత ఎత్తు వచ్చినా వెన్ను వంచదు, ఎవరిని దాటినా గంట కొట్టకుండా దాటదు.

నిన్న మధ్యాహ్నం, కొట్లన్నీ భోజనాలకు మూసేసిన వేళ, పారిస్ నుంచి వచ్చిన ఒక జంట ఖాళీ సీసాలతో ఆమెకు ఎదురైంది. ఉగెత్ వాళ్ళను తిన్నగా సమాధుల తోటకు తీసుకెళ్ళి కుళాయి చూపించింది. అమ్మాయి వెనకాడింది. "మంచినీళ్ళేనమ్మా. ఇక్కడున్నవాళ్ళెవరూ ఇంతవరకు వంక పెట్టలేదు," అంటూ ఉగెత్ తన సైకిలును పక్కనున్న సమాధికి ఆనించింది. "మామ్మగారూ, అలా ఆనిస్తే ఆ సమాధి తాలూకు వాళ్ళెవరైనా ఏమైనా అంటారేమో," అన్నాడు అబ్బాయి. "ఎవరంటారు? నాదేగా." అతను వంగి చూశాడు. రాతి మీద ఆమె పేరు, పుట్టిన సంవత్సరం, చిన్న గీత. ఆ తర్వాత అంతా నున్నగా ఉంది. "నీడా కుళాయీ చూసుకుని ముందే కొన్నాను. మిగతాది చెక్కాల్సినాయన ఎదురు చూసి చూసి పోయిన నెల పని మానేసి ఇంట్లో కూర్చున్నాడు, పాపం. మీరు పదండి, వస్తాను." వాళ్ళు నది మీది వంతెన చేరకముందే వెనక గంట మోగింది.